పందెపు స్టీరింగు, ఇంటి కారు

మన కుటుంబములలోని యువకులకు ఇటీవల ఒక క్రొత్త ముచ్చట పట్టుకొన్నది. ఇంటిలో పెద్దలకు క్రొత్త కారు వచ్చిన పిమ్మట పాతది పిల్లల పాలబడుట సహజము. అట్లు చేతికి వచ్చిన కారునకు మునుపు పాటల పెట్టెయో, రంగు దీపములో, వెడల్పు టైర్లో అమర్చుకొని తృప్తిపడెడివారు. ఇప్పుడు వారి దృష్టి స్టీరింగుపై బడినది. చక్రమును కొంచెము కదల్చినంతనే బండి చప్పున మళ్లవలెననియు, పందెపు కారువలె చేతికి లొంగియుండవలెననియు వారి కోరిక. కోయంబత్తూరు, హోసూరు, బెంగుళూరు, షోలాపురము, బరంపురము, ఎచటివారి నడిగినను ఈ మాటయే వినవచ్చుచున్నది. ఇది చేయించుకొనవచ్చునా, చేయించుకొన్నచో ఏమగునని తల్లిదండ్రులును మమ్ము అడుగుచున్నారు. మా అభిప్రాయమును దాచక చెప్పుచున్నాము. కోరికలో తప్పు లేదు. కాని నలుగురు నడచు రోడ్డుపై తిరుగు ఇంటి కారునకు స్టీరింగు నిష్పత్తిని మార్పించుట తగదు. అంతియే కాదు, ఆ యువకులు కోరుకొను సుఖములో పెద్ద భాగము అరిగిన భాగములను మార్చినంత మాత్రముననే లభించునని మా నమ్మకము.

ముందుగా సంగతి యేమో తెలిసికొందము. స్టీరింగు చక్రమును మనము ఎన్ని డిగ్రీలు త్రిప్పినచో బండి ముందు చక్రములు ఒక డిగ్రీ తిరుగునో, ఆ లెక్కను స్టీరింగు నిష్పత్తి యందురు. 16:1 అనగా చేతిలో 16 డిగ్రీలు తిరిగినప్పుడు క్రింద 1 డిగ్రీ తిరుగుట. మామూలు కార్లలో ఇది ఇంచుమించు 14 మొదలు 20 వరకు ఉండును. పవర్ స్టీరింగు లేని పాత పెద్దబండ్లలో 24ను మించినవియు గలవు. పందెపు కార్లలో 12 గాని, అంతకు తక్కువ గాని యుండును. అంకె తగ్గినకొలది స్టీరింగు చురుకగును. చేయి కదలునది తక్కువ, బండి తిరుగునది ఎక్కువ. మన కుర్రవాండ్రు క్విక్ స్టీరింగు అని చెప్పుకొనునది ఇదియే.

ఈ అంకెను కారు నిర్మాతలు ఊరక నిర్ణయింపలేదు. గునపముతో బండరాతిని కదల్చువాడు గునపపు కొసను పట్టుకొనును. నడుమ పట్టుకొన్నచో రాయి త్వరగా కదలునన్నమాట నిజమే గాని, కదల్చుటకు రెండింతల బలము కావలెను. స్టీరింగును అట్టిదే. నిష్పత్తిని 16 నుండి 12కు దింపినచో, పవర్ స్టీరింగు లేని కారులో చేతికి పట్టు బరువు మూడవవంతు పెరుగును. క్రిందినుండి పైకి వచ్చు అదురును అంతే పెరుగును. గుంతలో చక్రము దిగినపుడు స్టీరింగు చేతిని ఒక్క కుదుపు కుదుపుట మనమందరము ఎరిగినదే. ఆ కుదుపు మూడవవంతు అధికమైనచో నెట్లుండునో ఊహించుకొనవచ్చును. 1951లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ పవర్ స్టీరింగు గల కార్లను అమ్మకమునకు తెచ్చువరకు, నిష్పత్తి యనునది చాలవరకు మనుష్యుని భుజబలమును బట్టియే నిర్ణయమగుచుండెను.

ఇచట ఒక పొరపాటును తొలగింపవలసి యున్నది. ఇరుకు చోటులో బండి చుట్టు తిరుగుటకును, స్టీరింగు చురుకుదనమునకును సంబంధము లేదు. నాటి మదరాసులో 1960లలో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారును నడపిన పెద్దలు మన కుటుంబములలో ఇంకను ఉన్నారు. ఆ బండి 25 అడుగుల వ్యాసము గల వలయములో చుట్టు తిరిగెడిది. ఇంటి వాకిటిలోనే మళ్లించుకొనవచ్చునని దానికి పేరు. అది ముందు చక్రములు ఎంత దూరము ప్రక్కకు వాలగలవు అను విషయము. చేతిని ఎన్నిమార్లు త్రిప్పినపిమ్మట అవి అట్లు వాలునను ప్రశ్న వేరు. సందులో బండి తిరుగుట కష్టముగా నున్నదని స్టీరింగు మార్పింపబూనువారు ఈ భేదమును గమనింపవలెను. నిష్పత్తి మారినను ఆ సందులో ఆ బండి తిరుగు వలయము మారదు.

చిన్న లెక్క యొకటి వేసి చూతము. లెక్కలు గిట్టనివారు ఈ పేరాను దాటిపోవచ్చును గాని, మా వాదమంతయు దీనిపైననే నిలిచియున్నది. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ 2.5 మీటర్ల దూరము గల ఒక చిన్నకారును తీసికొందము. తిన్నగా పోవుచుండగా చేయి 5 డిగ్రీలు కదలినదనుకొందము. మామూలు స్టీరింగు చక్రపు అంచుమీద అది బొటనవ్రేలి వెడల్పును మించదు. గంటకు 30 కి.మీ. వేగమున పోవుచున్నపుడు ఆ కదలికవలన ఒక సెకనులో బండి ప్రక్కకు జరుగునది 16:1 నిష్పత్తిలో 7 లేక 8 సెంటీమీటర్లు, 12:1 నిష్పత్తిలో 10 సెంటీమీటర్లు. రెండింటికి భేదము రెండు వ్రేళ్లంత. అందుచేతనే ఊరిలో నడపి చూచినవాడు బాగున్నదనుచున్నాడు. అదే బండిని 90 కి.మీ. వేగమున నడపుడు. వేగము మూడురెట్లే పెరిగినది గాని ప్రక్కకు జరుగుట తొమ్మిదిరెట్లు పెరుగును. మొదటి నిష్పత్తిలో 68 సెంటీమీటర్లు, రెండవదానిలో 91 సెంటీమీటర్లు. 3.5 మీటర్ల వెడల్పు గల రోడ్డుపట్టీలో నడుమ పోవు చిన్నకారునకు ఇరుప్రక్కల మిగులు చోటు మీటరు లోపే. అనగా మొదటి బండి తన పట్టీలోనే యుండును, రెండవది గీతను తాకును. టైర్లు సాగుటవలనను, బండి కట్టుబాటువలనను వాస్తవమున ఈ దూరములు కొంత తగ్గును. కాని రెండింటి నడుమ పాలు అట్లే యుండును. తుమ్ము వచ్చినను, వెనుక సీటులోని పసివాడు పిలిచినను చేయి బొటనవ్రేలి వెడల్పు కదలుట యెంతసేపు?

షోలాపురమునుండి హైదరాబాదునకు చుట్టములను చూడబోవువారును, బరంపురమునుండి విశాఖపట్టణమునకు దిగివచ్చువారును ఈ లెక్కను తమ ప్రయాణమునకు అన్వయించుకొనవలెను. ఆ రహదారులు నేడు వెడల్పై తిన్నగా నున్నవి, వేగమునకు ఆహ్వానించుచున్నవి. మూడు నాలుగు గంటలు అట్టి రోడ్డుపై నడపువానికి కావలసినది చేతికి విశ్రాంతినిచ్చు నెమ్మది స్టీరింగే. ప్రతిక్షణము దిద్దుకొనుచుండవలసిన స్టీరింగు వానిని గమ్యము చేరకముందే అలయజేయును.

ఇంతమాత్రముచేత మోటారు వేడుకను మేము చిన్నచూపు చూచుచున్నామని తలపవలదు. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబములకు మోటారుతో గల చుట్టరికము పాతది. కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామములో ఒక తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి.డి.నాయుడుగారు 1920లో పొల్లాచి, పళని ఊళ్ల నడుమ ఒకే యొక బస్సును స్వయముగా నడపుచు వ్యాపారమునకు దిగిరి. 1974లో వారు గతించునాటికి ఆ ప్రాంతము యంత్రములకు పేరుపడినది. ఆ కోయంబత్తూరు మిల్లు కుటుంబములలోనే జన్మించిన ఎస్. కరివర్ధన్‌గారు మారుతి 800 ఇంజనుతో పందెపు బండ్లను నిర్మించి, కోటీశ్వరుల బిడ్డలు కానివారును పందెములో పాల్గొనుటకు దారి చూపిరి. 1995లో వారు మరణించిన పిమ్మట వారి పేరనే కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే అను పందెపు బాట వెలసినది. 2005లో ఫార్ములా వన్ పోటీలో ప్రవేశించిన మొదటి భారతీయుడు నరైన్ కార్తికేయన్‌ది కూడ ఆ యూరే. ఇట్టి ఊరి గాలి పీల్చిన యువకునకు స్టీరింగుమీద మనసు పోవుటలో వింత యేమున్నది? పోకుండుటయే వింత.

మదరాసునకు ఉత్తరమున షోలవరములో యుద్ధకాలపు విమానపు మైదానముపై 1950ల నుండి పందెములు జరుగుచుండెడివి. అచట అంబాసిడర్లు, ఫియట్లు, హెరాల్డులు, అన్నియు ఇంటి కార్లే, యజమానుల చేతిపనితో రూపుమారి పరుగెత్తెడివి. 1990లో శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకపు బాట సిద్ధమైనంతవరకు ఆ మైదానమే దక్షిణదేశపు వేడుకకాండ్రకు తీర్థస్థలము. పందెములో చురుకైన స్టీరింగు వలదని ఎవ్వరును అనరు. వేగముగా మలుపు తిరుగునపుడు బండి వెనుకభాగము ప్రక్కకు జారును. జారినక్షణమున ముందు చక్రములను ఎదురు దిక్కునకు త్రిప్పి పట్టుకొనవలెను. చేతులు మార్చుకొనుటకు వ్యవధి యుండదు. కావున చేతిని ఎత్తకుండ సగము త్రిప్పులోనే పని జరుగు స్టీరింగు అచట ప్రాణరక్షకము. కాని ఆ బాటపై ఎదురు బండి రాదు. గేదె అడ్డము రాదు. నడపువాని తలకు హెల్మెట్టు, ఛాతీకి నాలుగు పట్టీల బెల్టు ఉండును. బండి బయలుదేరకముందే పరీక్షకులు దాని క్రింద దూరి ప్రతి బోల్టును చూతురు. నడపువాని ధ్యాస సైతము ఆ పది పదునైదు నిమిషములు స్టీరింగుమీదనే యుండును. ఇన్ని కాపుదలల నడుమ పుట్టిన వస్తువును వానినన్నిటిని విడిచి ఒంటరిగా వీథిలోనికి తెచ్చుటయే మా ఆక్షేపణ.

ఘాటురోడ్ల సంగతి యేమని కొందరడుగుదురు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. వాల్పారైకి ఎక్కుదారిలో 40 హెయిర్‌పిన్ మలుపులున్నవి, కొల్లిమలకు పోవు దారిలో 70. ప్రతి మలుపునను స్టీరింగును ఒక కొసనుండి మరియొక కొసకు త్రిప్పి త్రిప్పి చేతులు పడిపోవుట నిజము. చురుకు స్టీరింగున్నచో ఆ శ్రమలో కొంత తగ్గునని ఒప్పుకొనుచున్నాము. అయితే ఆ మలుపులలో ఎవ్వడును 20 కి.మీ. వేగము మించి పోజాలడు, త్రిప్పుటకు కావలసినంత సమయము చిక్కును. పైనుండి బస్సు వచ్చుచున్నదా యని చూచుట, హారను మ్రోగించుట, ఎక్కువానికి దారినిచ్చుట, ఇవియే అచట ముఖ్యములు. సంవత్సరమునకు రెండుమార్లు కొండ ఎక్కుటకై మిగిలిన దినములన్నియు రహదారిపై బెదురుతో నడపుట తెలివైన బేరము కాదు.

ఇక మార్పు చేయు పద్ధతులను చూతము. అన్నిటికంటె చౌకయైనది చిన్న స్టీరింగు చక్రమును బిగించుట. దీనివలన నిష్పత్తి ఏమాత్రమును మారదు. చేయి కదలు దూరము తగ్గుటచేత చురుకైనట్లు తోచును, అంతే. 38 సెంటీమీటర్ల చక్రమునకు బదులు 33 సెంటీమీటర్లది పెట్టినచో పట్టుబలము సుమారు 15 పాళ్లు అధికముగా కావలెను. అంతకంటె గొప్ప నష్టము మరియొకటి యున్నది. మన దేశములో 2019 జూలై 1 మొదలు తయారగు కార్లన్నిటికి నడపువాని ఎదుట ఎయిర్ బ్యాగు తప్పనిసరి. అది స్టీరింగు చక్రపు గర్భములోనే ముడుచుకొని యుండును. చక్రమును పీకివేసినచో అదియు పోవును. గుద్దుకొనునాడు ముఖమునకు అడ్డుపడవలసిన మెత్తను అందముకొరకు అంగడిలో వదలివచ్చినట్లగును.

రెండవది గేరునే మార్చుట. పండ్ల కడ్డీ, పండ్ల చక్రము గల ర్యాక్ పద్ధతి స్టీరింగులో పండ్ల లెక్క మార్చి వేరు ర్యాకును అమర్తురు. అమెరికాలో మట్టిబాట పందెములవారు స్టీరింగు కడ్డీ మధ్య చిన్న గేరుపెట్టెను బిగించి త్రిప్పును హెచ్చింతురు. బండికై ప్రత్యేకముగా తయారైన భాగము దొరికినచో ఇది నేర్పరి చేతిలో చక్కగానే కుదురును. కాని నేటి కార్లలో చిక్కు వేరొకటి గలదు. బండి జారుచున్నపుడు తానే చక్రములకు విడివిడిగా బ్రేకు వేసి సరిదిద్దు ఎలక్ట్రానిక్ ఏర్పాటు చాల కార్లలో ఉన్నది. నడపువాడు ఎటు పోదలచినాడో అది స్టీరింగు కడ్డీ తిరిగిన కోణమును బట్టి లెక్కించును. లెక్క కంపెనీ నిష్పత్తికి సరిపడునట్లు వ్రాయబడియున్నది. మనము నిష్పత్తిని మార్చినచో, మలుపు కొద్దిగానే కోరినాడని అది భ్రమించి, బాగున్న బండిని జారుచున్నదని తలచి బ్రేకు వేయవచ్చును.

మూడవదియే మాకు మిక్కిలి భయము కలిగించునది. ముందు చక్రపు మొదట ఒక పొట్టి చేయి వంటి ఇనుప భాగముండును, దానినే స్టీరింగు ఆర్మ్ అందురు. టై రాడ్ వచ్చి దాని కొసన తగులుకొనును. ఈ చేయిని పొట్టి చేసినచో స్టీరింగు చురుకగును. ఖర్చు స్వల్పము, కావలసినది గ్యాసు మంటయు, సుత్తియు, వెల్డింగు పుల్లయు. మా ఊరిలోనే ఒక షెడ్డులో అట్లు పొట్టిచేసిన భాగమును మేము చూచితిమి. ఎఱ్ఱగా కాల్చి వంచి, తెగిన చోట వెల్డింగు పోసి, పైన నల్లరంగు పూసి యుంచిరి. చూపునకు క్రొత్తదానివలెనే యున్నది. కంపెనీవారు ఆ భాగమును సమ్మెటపోటుతో సాగగొట్టి, కొలతప్రకారము కాల్చి చల్లార్చి, దానికొక గట్టిదనమును సంపాదించిపెట్టుదురు. గ్యాసు మంటలో ఆ గట్టిదనము కరగిపోవును. విరుగుట ఆనాడే జరుగదు. సన్నని బీట యొకటి పుట్టి, ప్రతి గుంతలోను కొంచెము కొంచెము ప్రాకి, ఒకనాడు తెగును. తెగినపిమ్మట స్టీరింగు చేతిలో ఉత్తగా తిరుగుచుండును, బండి తన యిష్టము వచ్చిన దిక్కునకు పోవును. బ్రేకు పోయినను గేరు మార్చియో, చేతిబ్రేకు లాగియో ప్రయత్నింపవచ్చును. స్టీరింగు పోయినవానికి చేయదగిన ప్రయత్నమే లేదు.

తెగకున్నను తిప్పలు తప్పవు. మలుపులో లోపలి చక్రము చిన్న వలయమును, వెలుపలి చక్రము పెద్ద వలయమును త్రొక్కును గనుక లోపలిది ఎక్కువగా తిరుగవలెను. ఈ రహస్యమును మ్యూనిక్ నగరపు బండ్ల నిర్మాత లాంకెన్‌స్పెర్గర్ 1817లో గుర్రపుబండ్లకై ఆచరణలో పెట్టగా, 1818లో లండనులో ఆకర్మాన్ అనువాడు దానికి పేటెంటు తీసికొనెను. పేరు ఆకర్మాన్‌దే నిలిచినది. లోకములో ఇట్టివి క్రొత్త కాదు. ఆ స్టీరింగు చేతులు ఏ కోణములో వంగియున్నవో దానినిబట్టియే ఈ లెక్క కుదురును. సుత్తితో వంచినవానికి ఆ కోణము తప్పును. మలుపులో ఒక టైరు ఈడ్చుకొనిపోవును. ఇదిగాక, టై రాడ్ ఎగిరిపడు వంపును, చక్రము ఎగిరిపడు వంపును ఒకదానికొకటి సరిపడవలెను. ఊయల బల్లకు ఒక ప్రక్క గొలుసు పొడుగుగా, మరియొక ప్రక్క పొట్టిగా నున్నచో, ఊగినప్పుడెల్ల బల్ల మెలితిరుగుట చూచియుందురు. ఇచటను అంతే. స్పీడ్ బ్రేకరు ఎక్కినప్పుడు, గుంత దిగినప్పుడు, చేయి కదలకున్నను చక్రములు తమంతట తాము ప్రక్కకు తిరుగును. అందముకొరకు బండిని క్రుంగదీయువారి కార్లలోను ఈ దోషమే కనబడును.

కంపెనీలే నేడు చురుకైన స్టీరింగులను పెట్టుచున్నవి గదా యని యువకులు వాదింతురు. నిజమే. 1970లో ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ కంపెనీ తన ఎస్.ఎం. అను కారులో ఒక కొసనుండి మరియొక కొసకు రెండే త్రిప్పులు పెట్టెను. 2000లో జపానుదేశపు హోండా కంపెనీ ఎస్. 2000 అను కారులో వేగమును బట్టి తానే నిష్పత్తి మారు ఏర్పాటు చేసెను, 2003లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీయు అట్లే చేసెను. ఈ మూడింటిని గమనింపుడు. సిట్రోయెన్ వారు త్రిప్పులు తగ్గించుటతో ఊరుకొనలేదు. వేగము పెరిగినకొలది స్టీరింగు బరువెక్కి, వదలినంతనే తిన్ననగునట్లు నూనె ఒత్తిడితో పనిచేయు యంత్రమును దానికి జోడించిరి. తక్కిన ఇరువురు నెమ్మదిగా పోవునపుడు చురుకుదనమును, వేగమున పోవునపుడు నెమ్మదిని ఏర్పరచిరి. అనగా చురుకుదనపు హానిని ఎరిగినవారు గనుకనే దానికి కళ్లెము వేసిరి. టైర్లు, స్ప్రింగులు, బుష్షులు, స్టీరింగు, అన్నియు ఒక్క చేతిమీద ఒక్క బండికై కుదిరినవి. మనవాండ్రు అందులో ఒక్కదానిని మాత్రము తెచ్చుకొనుచున్నారు.

చట్టము సంగతియు చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను ప్రకారము కంపెనీ నిర్దేశించినదానికి భిన్నముగా యజమాని బండిని మార్చుటకు వీలులేదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టును ఆ మాటనే స్థిరపరచినది. అదే సంవత్సరపు సవరణ ననుసరించి, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలలవరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. ఇందులో మాకు కొంత అసంతృప్తి లేకపోలేదు. చట్టము మంచిమార్పును చెడుమార్పును ఒకే కర్రతో కొట్టుచున్నది. జర్మనీ దేశములో మార్పు చేసిన బండిని పరీక్షాసంస్థకు చూపి, గట్టిగా నున్నదని పత్రము పొంది, బండి కాగితములలో వ్రాయించుకొను పద్ధతి గలదు. మన దేశములోను అంగవైకల్యము గలవారికై బండిని మార్చుటకు చట్టము దారి చూపుచున్నది. ఆ దారిని వెడల్పుచేసి, పరీక్షకు నిలిచిన మార్పులను ఒప్పుకొన్నచో చాటుమాటు వెల్డింగులు తగ్గునని మా అభిప్రాయము. దారి మూసినంతమాత్రమున కోరిక చావదు, షెడ్డు వెనుకకు పోవును. అయినను ఆ సంస్కరణ వచ్చునంతవరకు ఉన్న చట్టమే చట్టము. మార్పు చేసిన బండికి ప్రమాదము జరిగిననాడు ఇన్సూరెన్సువారు మొదట వెదకునదియు అదే.

ఇంతకును మన కుర్రవాని బండి ఎందుకు మందముగా నున్నది? పది పండ్రెండేండ్లు నడచిన కారులో టై రాడ్ కొసల బాల్ జాయింట్లు అరగియుండును. రబ్బరు బుష్షులు ఎండి పగిలియుండును. స్టీరింగు కదల్చినప్పుడు మొదటి భాగమంతయు ఆ సందులను పూడ్చుటకే చెల్లిపోవును, ఆ పిమ్మటగాని చక్రము కదలదు. ఆ వ్యర్థమైన త్రిప్పునే యువకుడు నెమ్మదితనమని భ్రమించుచున్నాడు. ఇట్టి బండికి నిష్పత్తి మార్చినచో సందు అట్లే యుండి, సందు దాటినపిమ్మట బండి ఎగిరి దూకును. అది అన్నిటికంటె చెడ్డ స్థితి. దీనికి మారుగా మొదట టైర్లలో గాలిని కంపెనీ చెప్పిన లెక్కకు నింపుడు. గాలి తక్కువైన టైరు ఎంత మంచి స్టీరింగునైనను మొద్దు చేయును. టైర్లు ఏండ్లు గడచి గట్టిపడియున్నచో మార్పింపుడు, డబ్బు వెచ్చింపదగిన మొదటి చోటు అదియే. తరువాత బాల్ జాయింట్లు, బుష్షులు, షాక్ అబ్సార్బర్లు చూపించి, చివరకు వీల్ అలైన్‌మెంటు చేయింపుడు. అరిగిన భాగములుండగా అలైన్‌మెంటు చేయించుట నీళ్లమీద ముగ్గు. ఈ పనులన్నియు ముగిసిన పిమ్మట ఒకసారి నడపి చూచినవానికి తన బండియేనా ఇదియని సందేహము కలుగును. పందెపు స్టీరింగు మాట మరల ఎత్తువారు అప్పుడు పదిమందిలో ఇద్దరుండరని మా యూహ.

ఆ యిద్దరి విషయమున పెద్దలకొక మనవి. మందలింపుతో సరిపెట్టక వారిని కార్టింగు బాటకు పంపుడు. ఆ చిన్న బండ్లలో నడుమ గేరు లేదు, చేయి యెంత తిరిగిన చక్రము ఇంచుమించు అంత తిరుగును. కోరిన చురుకుదనమంతయు అచట దొరుకును, కొంచెము త్రిప్పుట యననేమో చేతికి తెలియును. ఆపైన ఆసక్తి నిలిచినచో కోయంబత్తూరు, శ్రీపెరుంబుదూరు బాటలున్నవి. పందెమునకే వేరుగా ఉంచుకొన్న బండికి పందెపు నియమములకు లోబడి ఏ నిష్పత్తి పెట్టుకొన్నను మా అభ్యంతరము లేదు. ఆడపిల్లలకును ఈ వేడుక యుండుట మేమెరుగుదుము. వారిని వెనుకకు లాగనవసరము లేదు.

ఇప్పటికే షెడ్డులో ఆర్మ్ వంపించి వెల్డింగు చేయించినవారు, తిట్లకు వెరచి దాచక ఇంటిలో చెప్పి, క్రొత్త భాగమును తెప్పించి బిగించువరకు ఆ బండిని కదల్పకుందురు గాక. తక్కినవారు వచ్చు ఆదివారమున ఈ చిన్న పరీక్ష చేసికొనవచ్చును. బండిని సమమైన నేలపై తిన్నగా నిలుపుడు. పవర్ స్టీరింగు గలదైనచో గేరు న్యూట్రలులో నుంచి, చేతిబ్రేకు వేసి, ఇంజను నడపుడు. ఒకరు స్టీరింగును మెల్లగా అటునిటు కదల్చుచుండగా మరియొకరు బయట కూర్చుండి ముందు టైరును చూడవలెను. టైరు కదలకుండ స్టీరింగు ఎంత కదలుచున్నదో అంచుమీద స్కేలు పెట్టి కొలువుడు. ప్రభుత్వ నియమములు ఒప్పు గరిష్ఠపు సందు 30 డిగ్రీలు. 38 సెంటీమీటర్ల చక్రపు అంచుమీద అది ఇంచుమించు 10 సెంటీమీటర్లు. మంచి స్థితిలోనున్న కారులో రెండు మూడు సెంటీమీటర్లు దాటదు. మీ కొలత ఆ రెండింటి నడుమ ఎచట వచ్చినను, సోమవారమున మెకానిక్కు దగ్గరకు పోయి మొదట టై రాడ్ కొసలను చూడుమని చెప్పుడు.